కలుపు మొక్కకూ ఒక షీటు

వృక్షశాస్త్ర సభల్లో అరుదైన మొక్కల గురించి ఎలాగూ వింటాం. నేను ఎవరికీ అక్కర్లేని ఒక గడ్డి గురించి మాట్లాడతాను.

దాని పేరు బ్రోమస్ టెక్టోరమ్. 1753లో లిన్నేయస్ పేరు పెట్టిన యూరేషియా గడ్డి. అమెరికా పశ్చిమ ప్రాంతంలో చీట్‌గ్రాస్ అంటారు. శరత్కాలంలో మొలిచి, వేసవి ముదరకముందే ఎండిపోతుంది. దానికి నిప్పంటుకుంటే పక్కనున్న సేజ్‌బ్రష్ పొదలూ కాలిపోతాయి. కాలిన మోడు నుంచి మళ్లీ చిగురించే శక్తి ఆ పెద్ద సేజ్‌బ్రష్‌కు లేదు. ఖాళీ అయిన నేలను ఈ గడ్డే ఆక్రమిస్తుంది. ఐడహోలోని స్నేక్ నది మైదానాల్లో ఒకప్పుడు దశాబ్దాలకోసారి వచ్చే కార్చిచ్చు, కొన్నిచోట్ల అయిదేళ్లయినా తిరక్కుండా వస్తోంది.

ఇది ఏ దారిన వచ్చింది? వృక్ష శాస్త్రవేత్త రిచర్డ్ మాక్ 1981లో రాసిన చరిత్రకు పాత హెర్బేరియం షీట్లే, అంటే ఎండబెట్టిన మొక్కల్ని అతికించి దాచిన కాగితాలే, పెద్ద ఆధారం. వాటి మీది ఊళ్లు ఇవి: 1889లో బ్రిటిష్ కొలంబియాలోని స్పెన్సెస్ బ్రిడ్జి, 1893లో వాషింగ్టన్ రాష్ట్రంలోని రిట్జ్‌విల్, 1894లో యూటాలోని ప్రోవో. ఒక్కో షీటునూ పటం మీద గుర్తుపెట్టుకుంటూ పోతే గోధుమ సాగు, రైలు మార్గాలు, పశువుల మేత భూములు కళ్లకు కడతాయి. గోధుమ విత్తనంలో కలిసి ప్రయాణించిన గడ్డి 1930 నాటికి ఆ ప్రాంతమంతా పరుచుకుంది.

ఇలాంటి షీటులో ఏముంటుంది? వేళ్లతో సహా పీకిన చిన్న కుదురు, ఒక పక్కకు వాలిన కంకులు, గింజ గింజకూ సన్నని ముల్లు. రాలినవి దాచడానికి మూలన అంటించిన కాగితపు పొట్లం. కింద చీటీ మీద సేకరించినవారి పేరు, ఊరు, తేదీ. పశువుల నోళ్లలో గుచ్చుకునే ఈ పనికిమాలిన గడ్డిని ఆనాడు ఎవరో శ్రద్ధగా నొక్కి ఆరబెట్టారు. వారికి నేను చేతులెత్తి మొక్కుతాను.

అయితే షీటు మీది తేదీ మొక్క వచ్చిన తేదీ కాదు. అప్పటికే వచ్చి ఉందని మాత్రమే సాక్ష్యం. పైగా సేకరించేవాళ్లూ రోడ్లూ రైళ్లూ పట్టుకునే తిరుగుతారు. పటంలో గడ్డి దారి ఎంత, వాళ్ల దారి ఎంత అన్నది వేరుచేయడం కష్టం. మరీ సాధారణమైన మొక్కనైతే ఎవరూ ముట్టుకోరు. నా బాధంతా ఇక్కడే.

మన వయ్యారిభామ కలుపు సంగతే చూడండి. పుణెలో అది కనిపించిందని వృక్షశాస్త్రవేత్త ఆర్.ఎస్. రావుగారు 1956లో ప్రకటించారు. మన ఊళ్లకు అది ఎప్పుడు, ఎటునుంచి వచ్చిందో తేల్చాలంటే షీట్లే దిక్కు.

అధ్యాపక మిత్రులారా, ఈసారి పిల్లల్ని ఫీల్డుకు తీసుకెళ్లినప్పుడు కలుపు మొక్కలనూ నొక్కించండి. చీటీ మీద 'దారి పక్కన' అని వదిలేయనివ్వకండి. ఏ ఊరి దారి, ఏ పంట చేను గట్టు, మొక్కలు నాలుగా నాలుగు వందలా రాయించండి. వెతికినా కనబడని చోటేదో కూడా నోటుబుక్కులో తేదీ వేసి రాసుకోమనండి.