బీపీ మాత్రలో చింతపండు పని: అమ్లోడిపిన్ పేటెంట్ గొడవ

పోయిన వారం తాడేపల్లిగూడెంలో మెడికల్ షాపు ముందు నిలబడి నాన్నగారి బీపీ మాత్రల స్ట్రిప్ చదివాను. 'అమ్లోడిపిన్ బెసిలేట్' అని ఉంది. అమ్లోడిపిన్ అంటే మందు, ఓకే. మరి ఈ బెసిలేట్ ఏంటి? నేను బీటెక్ చేసి సాఫ్ట్‌వేర్‌లోకి పోయినవాణ్ణి, కెమిస్ట్రీ ఎప్పుడో మర్చిపోయా. అందుకే కొంచెం తవ్వాను.

అమ్లోడిపిన్ ఒక అమీన్. కొల్లేరు వాళ్లకి అమీన్‌లు కొత్తేం కాదు, చేప పాడయ్యేటప్పుడు వచ్చే కంపులో ఉండేవి అవే. చేపల పులుసులో చింతపండు రుచికే అనుకుంటాం. కానీ ఆ పులుపులోని ఆమ్లం అమీన్‌ని పట్టుకుని లవణంగా మార్చేస్తుంది. లవణం గాల్లోకి లేవదు, నీచు తగ్గుతుంది. మందుల కంపెనీలు చేసేదీ ఇదే. అమీన్‌కి ఒక ఆమ్లం కలిపి, మాత్రగా నిలబడే లవణం చేస్తాయి. ఫైజర్ బెంజీన్ సల్ఫోనిక్ ఆమ్లం కలిపింది. అదే బెసిలేట్.

ఇప్పుడు గొడవ. మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ అమెరికాలో వేరే ఆమ్లంతో మేలియేట్ లవణం తేవాలని చూసింది. పేటెంట్ గడువు పొడిగింపు బెసిలేట్‌కే గానీ మేలియేట్‌కి వర్తించదని వాదించింది. కింది కోర్టు సరేనంది. 2004 ఫిబ్రవరిలో పై కోర్టు తిప్పేసింది: పొడిగింపు అమ్లోడిపిన్‌కి, లవణం ఏదైనా ఒకటే. తమాషా ఏంటంటే, మొదట్లో ఫైజరే మేలియేట్‌తో పరీక్షలు చేసింది. మాత్రలు కొట్టే మెషీన్‌కి అంటుకుంటోందని, సరిగ్గా నిలవ ఉండట్లేదని బెసిలేట్‌కి మారింది.

ఆ బెసిలేట్‌కి ఫైజర్ విడిగా ఇంకో పేటెంట్ తీసుకుంది. కెనడా కంపెనీ అపోటెక్స్ దాన్ని సవాల్ చేసింది. 1977 నాటి ఒక వ్యాసంలో, అమెరికాలో ఆమోదం ఉన్న మందుల లవణాల్లో వాడిన 53 రకాల ఆమ్ల భాగాల జాబితా ఉంది. అందులోంచి ఒక్కోటీ వేసి చూడటం ఆ పని తెలిసినవాళ్లకి మామూలేనని 2007 మార్చిలో అదే పై కోర్టు పేటెంట్ కొట్టేసింది. నాకైతే ఫైజర్ మీద కాస్త జాలేసింది. రాత్రంతా డీబగ్ చేసినవాడికి తెలుస్తుంది, వేసి చూడటం కూడా కష్టమేనని. కానీ కష్టపడ్డామని పేటెంట్ ఇవ్వరు కదా.

మన దగ్గర లెక్క వేరు. 1970 చట్టంలో మందుకి పేటెంట్ లేదు, తయారీ పద్ధతికే. అందుకే మన కంపెనీలు అదే మందుని వేరే పద్ధతిలో చేసి చవగ్గా అమ్మగలిగాయి. 2005 నుంచి మందుకీ పేటెంట్ వచ్చింది, కానీ సెక్షన్ 3(డి) అడ్డం ఉంది: తెలిసిన మందుకి కొత్త లవణం చేస్తే, పనితనం చెప్పుకోదగ్గంత పెరిగిందని చూపించాలి. లేకపోతే పాత మందే.

ఇదంతా చెబితే నాన్నగారు, "అయితే స్ట్రిప్ మీద వేరే పేరున్నా వేసేసుకోవచ్చా?" అన్నారు. డాక్టర్‌గారిని అడక్కుండా వద్దని చెప్పాను. మీ ఇంట్లో స్ట్రిప్ మీద ఏ లవణం పేరుందో చూసి కామెంట్ పెట్టండి.