చిన్న సభలో పూర్వపక్షము



నేను శాస్త్రములు చదువుకొను దినములలో మా గురువుగారు మమ్ములను వాక్యార్థసభలకు వెంటబెట్టుకొని పోవుచుండెడివారు. పదుగురు పండితులు, ఇరువదిమంది విద్యార్థులు, అంతియే. ఎదుటివాని మతమును వానికంటె చక్కగా నుపపాదించిన పిదపనే దానిని ఖండింపవలెను. పూర్వపక్షము చేయువాడు లేని దినమున సభయే లేదు.

ఇటీవల నొక అర్థశాస్త్ర సదస్సులో నాకా దినములు జ్ఞప్తికి వచ్చినవి. కౌటిల్యుని అర్థశాస్త్రము గాదు. వర్తకమును ప్రభుత్వపు కట్టుబాట్లనుండి విడువవలెనని వాదించు నేటి శాస్త్రము. నా నివాసము జీడిమెట్ల. ఒకప్పుడు హైదరాబాదునకు వెలుపలి పల్లె. నేడు మందుల కర్మాగారములతో నిండిన పారిశ్రామికవాడ. నగరమున జరిగిన ఆ సభకు నా పూర్వశిష్యుడొకడు నన్ను తోడ్కొనిపోయెను. ముప్పదిమందికి మించి లేరు. నాకు చులకనభావము కలిగినమాట నిజము.

కాని 1947 ఏప్రిలులో స్విట్జర్లాండునందు మాంట్ పెలరిన్ అనుచోట హాయక్ పండితుడు కూర్చిన సభకు వచ్చినవారును 39 మందియే. అందరును దాదాపు ఒక పక్షమువారే. అయినను సంపదపంపిణీ చర్చలో మీసెస్ అను పెద్ద, మీరందరును సోషలిస్టులేయని కోపించి లేచిపోయెనని ఫ్రీడ్‌మన్ చెప్పుచుండెడివాడు. లేచిపోవుటకైనను ఎదుట మనిషి కనబడవలెను గదా! మన దేశమున 1955లో రెండవ ప్రణాళికను పరిశీలించిన అర్థశాస్త్రజ్ఞులలో బి. ఆర్. షెనాయ్‌గారొక్కరే భిన్నాభిప్రాయము వ్రాసిరి. 1959లో మన నిడుబ్రోలు రంగాగారు సహకార వ్యవసాయము నెదిరించి, రాజాజీతో గూడి స్వతంత్ర పార్టీని స్థాపించిరి. పెక్కు పరిశ్రమలకు లైసెన్సులు తొలగుట 1991లో, పి. వి. నరసింహారావుగారి కాలమున జరిగినది. వీరి వాదములవలననే యట్లయ్యెనని నేననను. విదేశద్రవ్యపు కొరత తరుముకొని వచ్చినది.

ఆనాటి సభలో నొక యువ ఆచార్యుడు, ధర యనునది వార్తవంటిదని వివరించెను. మిరపపైరు ఎచట చెడినదో తెలియకున్నను, అంగడిధర పెరుగగానే రైతు మరుసటియేడు ఎక్కువ నాటును. నేను లేచి, “నాయనా, ఒక కర్మాగారపు మురుగు భూమిలో నింకి మా పెరటిబావి చెడినది. ఆ మందు ధరలో మా బావి వార్త యేది?” అని యడిగితిని. పెద్దసభలో నైనచో చీటి వ్రాసి పంపుమనెడివారు. ఇచట అందరును నావైపు తిరిగిరి.

బావిపై హక్కు స్పష్టముగానుండి, బేరమునకగు ఖర్చు స్వల్పమైనచో ఉభయులును తమలో తాము పరిష్కరించుకొనగలరని కోస్ పండితుడు 1960లో చూపెనని అతడనెను. “వందల యిండ్లు, ఎన్నియో గొట్టములు, ఎవని మురుగు ఎవని బావిలో చేరినదో తేల్చువాడెవడు?” అంటిని. అతడు కొంతసేపూరకుండి, ఈ మాట తన వ్యాసమున లేదని యొప్పుకొనెను.

నేను గెలిచితినని మురిసిపోవుచుండగా, వెనుకనున్న యొక యమ్మ, “బావి యేయేట చెడినది, మాస్టారూ?” అనెను. 1988 అంటిని. “అప్పుడు లైసెన్సులు గలవు గదా?” అనెను. నాకు సమాధానము తోచలేదు. ఇప్పటికిని వెదకుచునే యున్నాను.

మీ సమీపమున కళాశాలలో నిట్టి సదస్సు జరుగునని వినిన, ఒప్పుకొనుటకై పోనక్కరలేదు. మీ మార్కెట్టుయార్డు సంగతియో, చెరువు సంగతియో తీసికొనిపోయి ముందు వరుసలో కూర్చుండుడు. ఆచార్యుడు వ్యాసమును తిరుగవ్రాసి మరల చదువునట. నేనును పోవుచున్నాను. ఈమారు బావినీరు ఒక సీసాలో పట్టియుంచితిని.