కూరల సంచీ బరువు



కారూ స్కూటరూ లేని ఇంట్లో తరచు ఏ కూర వండుతారో గమనించారా? బంగాళాదుంప. కాకపోతే ఉల్లిపాయ పులుసు. మిగతావి వండడం చేతకాక కాదమ్మా! నాలుగు రోజులు పాడవకుండా ఉండేవి అవే కనుక.

మా పక్కింటి అమ్మాయికి ఇప్పుడు ఆరో నెల. రక్తం తక్కువగా ఉంది, మాత్రలతోపాటు ఆకుకూరలు బాగా తినమని డాక్టరమ్మ చెప్పింది. మాది హైదరాబాదు శివార్లలో కొత్త కాలనీ. ఇక్కడి కొట్లో బిస్కెట్లు పది రకాలుంటాయి, తోటకూర కట్ట మాత్రం ఉండదు. మెహదీపట్నం రైతుబజారుకు వెళ్ళాలంటే రెండు బస్సులు మారాలి. "సంచీతో బస్సెక్కలేక మళ్ళీ దుంపలే వండానండీ పిన్నిగారూ" అంది ఆ పిల్ల, తనదేదో తప్పయినట్లు.

తప్పు ఆమెదా? చిన్న లెక్క వేద్దాం. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం మనిషికి రోజుకు ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరలు కావాలి. నలుగురు పెద్దవాళ్ళున్న ఇంటికి వారానికి 11 కిలోలు దాటుతుంది. పళ్ళు వేరే! ఆ సంచీ పుచ్చుకుని బస్సులో నిలబడి రమ్మనండి మన మొగవాళ్ళని.

1999 జనవరిలో రైతుబజార్లు మొదలయ్యాక రైతు దగ్గరే, బోర్డు మీద రాసిన ధరకే కొనుక్కునే వీలు కలిగింది. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టిక్కెట్టూ లేదు. సంతోషమే. కాని సంచీ మోసేది మాత్రం మన భుజమే కదా!

మేం నాలుగిళ్ళవాళ్ళం ఒక ఏర్పాటు చేసుకున్నాం. శనివారం ఇద్దరం వెళ్ళి నాలుగిళ్ళకూ దోసకాయ, సొరకాయ, కంద, గుమ్మడికాయ లాంటి బరువైనవి తెస్తాం. తిరిగి వచ్చేటప్పుడు ఆటో, కిరాయి నాలుగు వాటాలు.

ఆకుకూరలు నిలవుండవు కదా, వాటి సంగతేమిటి? పై వీధిలో తోపుడుబండి అతన్ని మా వైపు రమ్మని అడిగాను. "ఒక్క కట్ట కోసం అంత ఎత్తు తోయలేనమ్మా" అన్నాడు. నిజమే, అతనికి మాత్రం కారుందా! ఎనిమిదిళ్ళు తిరిగి, రోజూ తలా రెండు కట్టలు కొంటామని మాట తీసుకుని మళ్ళీ వెళ్ళాను. ఇప్పుడు పొద్దున్న ఏడింటికల్లా వస్తున్నాడు. ఒక్క మాట, అతనితో అర్ధరూపాయికీ రూపాయికీ బేరాలాడకండి. మనం తోయాల్సిన బండి అతను తోస్తున్నాడు.

వీధి చివర మునగచెట్టు కూడా ఉంది. ఆ ఆకు పప్పులో వేసి, దించాక నిమ్మకాయ పిండమని ఆ అమ్మాయికి చెప్పాను. ఆకులోని ఇనుము ఒంటికి పట్టడానికి ఆ పులుపు సాయపడుతుంది. భోజనం కాగానే టీ తాగడం మానెయ్యమన్నాను. అది మాత్రం ఆమెకు కష్టంగానే ఉంది.

నిన్న బండి రాలేదు. ఎనిమిదిళ్ళవాళ్ళం గుమ్మాల్లో నిలబడి చూశాం. వానలో చక్రం ఊడిందట, రేపు వస్తానని కబురు పంపాడు.