పెళ్లికీ ఆపరేషన్‌కూ మధ్య

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఇళ్లలో పిల్లల ముందు ఎత్తని మాట ఈరోజు ఎత్తుతున్నాను. కడుపు తీయించుకోవడం పాపమనేవారూ, అది స్త్రీ హక్కనేవారూ మన మధ్యే ఉన్నారు. అక్కర్లేని గర్భం రాకుండా చూడటంలో మాత్రం ఇద్దరూ కలిసి నడవగలరని నా నమ్మకం. గర్భనిరోధకాలు, లైంగిక విద్య లేకుండా అది జరగదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల స్త్రీలలో 29 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. వివాహితల్లో దాదాపు 70 శాతం మంది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నారు. మగవాళ్ల ఆపరేషన్లు అర శాతం కూడా లేవు. నిరోధ్, కాపర్-టి, మాత్రలు అన్నీ కలిపినా రెండు శాతానికి చేరవు. అంటే పెళ్లికీ ఆపరేషన్‌కూ మధ్య అలా పెళ్లయిన చాలామంది పిల్లల చేతిలో ఏ సాధనమూ లేదన్నమాట. ఆ మధ్యలో నెల తప్పితే ఎందరికో కనిపించే దారి మందుల షాపే. 2015లో దేశంలో 1.56 కోట్ల గర్భస్రావాలు జరిగాయని లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా. అందులో 73 శాతం ఆసుపత్రి బయట, మాత్రలతో జరిగినవే. చిన్న అట్టపెట్టెలో అయిదు మాత్రలు: ముందు ఒకటి, ఒకటి రెండు రోజులకు నాలుగు. ఎన్ని వారాలయ్యాయో, గర్భం గర్భసంచిలో కాక గొట్టంలో ఉందేమో చూసేవారుండరు. 1971 గర్భస్రావ చట్టం ఆసుపత్రి తలుపు తెరిచింది. పెళ్లికాని స్త్రీకీ అదే హక్కుందని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తలుపు దాకా వెళ్లనివ్వనిది మన సిగ్గూ, మన మౌనమూ.

ఇవన్నీ బడిలో చెబితే పిల్లలు చెడిపోతారన్నది పెద్ద అభ్యంతరం. 2009లో వెంకయ్యనాయుడు అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ కూడా బడుల్లో లైంగిక విద్య వద్దంది. కన్నవారి భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అయితే యునెస్కో అనేక దేశాల పరిశోధనలు పరిశీలించి, ఈ చదువు పిల్లల్ని తొందరపెట్టదని తేల్చింది. బంగ్లాదేశ్‌లోని మత్లబ్‌లో కుటుంబ నియంత్రణ సేవలు బాగా అందిన ఊళ్లలో, అందని ఊళ్లకంటే గర్భస్రావాలు తక్కువ. గర్భస్రావాన్ని నిజంగా బాధగా భావించేవారికి ఇంతకంటే రుజువేం కావాలి? హక్కున్నప్పుడు తగ్గించడమెందుకని అడిగేవారికీ ఒక మాట: హక్కు ఉండాల్సిందే, కానీ ఆ నొప్పిని ఏ స్త్రీ కోరి తెచ్చుకోదు.

పట్టభద్రులారా, మీలో టీచర్లయ్యేవారు పదో తరగతి ప్రత్యుత్పత్తి పాఠాన్ని ‘ఇంట్లో చదువుకోండి’ అని దాటేయకండి. నర్సులయ్యేవారు గర్భం రాకుండా వాడే అంతర ఇంజెక్షన్, ఛాయా మాత్రలు ప్రభుత్వం ఉచితంగా ఇస్తోందని కొత్త కోడళ్లకు చెప్పండి. అబ్బాయిలూ, మగవాళ్ల ఆపరేషన్ ఆడవాళ్ల ఆపరేషన్‌కంటే తేలిక, పొట్ట కోయనక్కర్లేదు; రేపు మీ ఇంట్లో ఆ మాట వచ్చినప్పుడు మీరే ముందుకు రండి.