పరిగె చట్టమును నగరములోని పరదేశియును
(వికారాబాదు, తాండూరు సంఘముల ఉమ్మడి కూటములో చేసిన ప్రసంగ పాఠము)



కోసిన చేనిలో మిగిలినదానిని బీదలు ఏరుకొనుటను మనము పరిగె అందుము. కంది పండించు తాండూరు వారికి ఈ మాటను విడమరచి చెప్పనక్కరలేదు. మోయాబీయురాలైన రూతు పరిగె ఏరుకొని తానును అత్తయును బ్రదికిన సంగతి మన బడిపిల్లలకును తెలియును. బోయజు దయను గూర్చి మనము ఎన్నో ప్రసంగములు వింటిమి. అయితే బోయజు పుట్టుటకు ఎంతో ముందే, చేని ఓరలను పూర్తిగా కోయవద్దనియు, రాలిన పరిగెను బీదలకును పరదేశులకును విడువవలెననియు మోషే ధర్మశాస్త్రము ఆజ్ఞాపించినది. ఆ ఆజ్ఞ లేనియెడల రూతు పరుల చేనిలో దూరిన దొంగ అగును. మంచి యజమాని దయ ఒక ఇంటిని పోషించును. మంచి చట్టము దయలేని యజమాని చేనిలోను పరదేశికి చోటు చూపును. ఈ దినమున మేము మీ ముందుంచు విషయము ఇదే.

ఉదయమే రైలెక్కి పనికొరకు హైదరాబాదు వెళ్లు కుటుంబములు మన రెండు పట్టణములలోను ఉన్నవి. ఆ నగరపు అంచున, బాలాపూరు ప్రాంతములో, బర్మానుండి వచ్చిన రొహింగ్యా కాందిశీకులు కొన్ని వేలమంది గుడిసెలలో నివసించుచున్నారు. 1982 నాటి పౌరసత్వ చట్టము వారిని స్వదేశములోనే పరాయివారిని చేసినది. 2012లోను 2017లోను చెలరేగిన హింస వారిని తరిమివేసినది. ఇక్కడ వారు చెత్తలో కాగితములు, ప్లాస్టిక్కు ఏరుదురు. కట్టడముల వద్ద కూలి చేయుదురు. వారు అడుగునది బిచ్చము కాదు, పని.

ఆ పనికి అడ్డము ఏమి? 1951 నాటి శరణార్థుల ఒడంబడికపై మన దేశము సంతకము చేయలేదు. ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చు కార్డు ఆధారు పొందుటకు చాలదు. ఆధారు లేనివానికి బ్యాంకు ఖాతా తెరచుట కష్టము. మేస్త్రి కూలి ఎగవేసిన యెడల ఫిర్యాదు చేయుటకు భయము. అక్రమ వలసదారులను గుర్తించి పంపివేయవలెనని 2017 ఆగస్టులో కేంద్ర హోంశాఖ రాష్ట్రములకు వ్రాసిన తరువాత ఆ భయము ఇంకను హెచ్చినది.

మన రాజ్యాంగమును చూడుడి. 21వ అధికరణము జీవించు హక్కును ప్రతి మనిషికిని ఇచ్చినది. 1996లో చక్మా కాందిశీకుల వ్యాజ్యములో సుప్రీంకోర్టు ఈ సంగతినే స్థిరపరచినది. వృత్తి వ్యాపారములు చేసికొను హక్కును మాత్రము 19వ అధికరణము పౌరులకే ఇచ్చినది. బ్రదుకవచ్చును గాని బ్రదుకుతెరువు లేదు! ఈ రెండు అధికరణముల నడుమనున్న సందును పూడ్చవలసినది ప్రభుత్వ విధానమే.

ఇది జరుగరాని పని కాదు. బర్మా మాట తెలుగువారికి కొత్తది కాదు. రంగూను రేవులో మూటలు మోసినవారిలో మనవారు అనేకులు. 1942లో జపాను సేనలు వచ్చినపుడు ఎందరో అడవిదారిని కాలినడకన తిరిగివచ్చిరి. 1962లో సైనిక పాలన వచ్చి, తరువాత వ్యాపారములను జాతీయము చేయగా, లక్షలకొలది భారతీయులు కట్టుబట్టలతో ఓడలెక్కిరి. విశాఖపట్నములోని బర్మా క్యాంపు పేరే దానికి సాక్షి. ప్రభుత్వము వారిని గంజితో సరిపెట్టలేదు. బర్మా, శ్రీలంకలనుండి వచ్చినవారి పునరావాసమునకై 1969లో రెప్కో బ్యాంకును స్థాపించినది. వారు మన దేశపు సంతతివారు, రొహింగ్యాలు విదేశీయులు. ఈ భేదమును మేము దాచము. అయితే టిబెట్టువారును విదేశీయులే గదా! వారికి సంక్షేమ పథకములను, వ్యాపార లైసెన్సులను అందించుటకు 2014లో కేంద్రము ఒక విధానమును ప్రకటించినది. తలచుకొనిన దారి కలదు.

మన పిల్లలకే పని లేదు, పరాయివారికి ఎక్కడిది అని కొందరు అడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని కాగితము లేని కూలివాడు సగము కూలికైనను ఒప్పుకొనును. దానివలన ప్రక్కన నిలిచిన మన కూలివాని కూలియు తగ్గును. ఇద్దరికిని ఒకే కనీస వేతనము దొరికిననాడు ఇద్దరును నిలుతురు. కొడంగల్ వైపునుండి బొంబాయి, పూణేలకు కూలికి పోయిన మనవారిని అక్కడివారు పొమ్మనినయెడల మనకెట్లుండును? దేశ భద్రత ముఖ్యమే, విచారణ వలదని మేము అనము. అయితే తప్పు చేసినవానిని కనుగొనుటకైనను పేరు, చిరునామా గల నమోదు విధానమే మేలు. దొంగ కాగితములను మేము సమర్థింపము.

మన పూర్వికులు ఈ పాఠమును ఎరుగుదురు. మెదకు దేవాలయమును కట్టిన కాలములో పోస్నెట్ దొరగారు కరువు బాధితులకు ఊరక అన్నము పెట్టక, పని ఇచ్చి అన్నము పెట్టిరి. 1924లో ఆ దేవాలయము ప్రతిష్ఠింపబడినది. ఆ పని గొప్పది, కాని కట్టడము ముగిసిన దినమున పనియు ముగియును. చట్టము ముగియదు.

బోయజు దయ చూపి ఊరకుండలేదు. పట్టణ ద్వారమునకు పోయి పెద్దలయెదుట కూర్చుండి మాటలాడెను. మన పట్టణ ద్వారమెక్కడ? చేవెళ్ల పార్లమెంటు నియోజకవర్గములో వికారాబాదు, తాండూరులతో పాటు బాలాపూరు గల మహేశ్వరమును ఉన్నది. ఆ గుడిసెలకును మన ఇండ్లకును పార్లమెంటు సభ్యుడు ఒక్కరే. కాందిశీకులకు ఓటు లేదు, మనకున్నది. గనుక మన సంఘములు ఒక మహజరు వ్రాసి ఆయనకు స్వయముగా అందించవలెనని మేము కోరుచున్నాము. అందులో మూడు మనవులు చాలును.

మొదటిది: కాందిశీకులమని చెప్పువారిని విచారించి, అర్హులకు దీర్ఘకాల వీసాయు ప్రైవేటు పని చేసికొను అనుమతియు ఇచ్చు పద్ధతిని కేంద్రము 2011లో ఏర్పరచినది. అట్టి అవకాశము ఏ మతమువారికైనను సమానముగా దొరకవలెను. రెండవది: కూలి ఎగవేతపై వచ్చు ఫిర్యాదును కార్మికశాఖ, ఫిర్యాదిదారుని దేశమేదని చూడక స్వీకరించవలెను. మూడవది: కూలి డబ్బు దాచుకొనుటకు శరణార్థి కార్డుపై చిన్న ఖాతా తెరువనియ్యవలెను.

దుప్పట్లు, బియ్యము ఇచ్చుట మానవద్దు. అయితే ఆ దుప్పటితోపాటు మన సంతకమును కూడ ఇయ్యుడి. పరదేశియైన రూతు వంశములోనే మన రక్షకుడు జన్మించెనని జ్ఞాపకము చేసికొనుడి. ద్వారమునొద్ద మాటలాడు ధైర్యమును ప్రభువు మన సంఘములకు దయచేయును గాక. ఆమేన్.