ఇంటి దొంగకు ఎంత శిక్ష?

ఇంటి దొంగను ఈశ్వరుడైనను పట్టలేడని మనలో సామెత. పట్టుపడినవానికి ఎంత శిక్ష విధింపవలెనన్నది అంతకంటె కష్టమైన ప్రశ్న.

1860 నాటి భారత శిక్షాస్మృతి సామాన్యమైన దొంగతనమునకు హెచ్చుపక్షము 3 సంవత్సరముల ఖైదు నిర్ణయించినది. గుమాస్తాగాని సేవకుడుగాని యజమాని సొత్తును దొంగిలించినచో 7 సంవత్సరముల వరకు విధింపవచ్చుననినది. 2024 జులై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితయు ఈ భేదమును నిలిపినది. కారణము స్పష్టము. బయటి దొంగ రాకుండ తలుపు మూయగలము. పనివానికి తాళపుచెవి మనమే ఇచ్చియుందుము.

అయినను 7 సంవత్సరములన్నది హద్దు మాత్రమే. పూర్వము శిక్షపడనివానిని మందలించి విడుచుటకు వీలగు నేరములను 1958 నాటి నేరస్థుల ప్రొబేషను చట్టము ఎంచి చెప్పినది; వానిలో ఈ సేవక చౌర్యమును గూడ చేర్చినది. కనుక న్యాయాధిపతి పోయిన సొమ్మునొక్కదానినే లెక్కింపడు. నేరము జరిగిన తీరును, చేసినవాని నడవడిని గూడ చూచును.

మన ఇంట వస్తువు కనబడనపుడు ఈ ఓర్పు మనకును అవసరము. విచారణ లేకుండ పనివానిని వీధిలో దొంగ యనుట ఏ చట్టమును విధింపని శిక్ష. జీతముపై బ్రతుకువానికి పోయిన పేరు తేలికగా తిరిగి రాదు.