రాసే చేయి ఒకటి, సరిచూసే కన్ను వేరొకటి



పలాసకు జీడిపిక్కలు పట్టుకెళ్లినప్పుడు మనం ఏం చేస్తాం? 80 కేజీల బస్తా కాటా మీద పెట్టాక, కొనేవాడు ఎంత మంచివాడైనా, కాటా వైపు మనమూ ఒక చూపు వేస్తాం. అది అతన్ని అనుమానించడం కాదు. తూచేవాడు ఒకడు, చూసేవాడు ఒకడు ఉంటేనే లెక్క నిలుస్తుంది. బస్తా దగ్గర ఇంత జాగ్రత్తపడే మనం, మన ఊరి పేరున రాసే జాబితాల దగ్గర మాత్రం ఎందుకు చూడకుండా వదిలేస్తున్నాం? ఈరోజు మనం మాట్లాడుకోవాల్సింది ఇదే.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారేసరికి తాతల నాటి కొబ్బరి, జీడి తోటలు ఉద్దానమంతా నేలకూలి ఉన్నాయి. ఆ తర్వాత నష్టం లెక్కలు రాశారు. తోట పోయినవారి పేరు రాలేదని, చెట్టు లేనివారి ఖాతాలో డబ్బు పడిందని ఊళ్ల నుంచి ఫిర్యాదులు వచ్చాయి. కౌలుదారుల బాధ మరీ ఎక్కువ. తోటలో చెమట ఒకరిది, పాసుపుస్తకంలో పేరు ఇంకొకరిది. లెక్క రాసిన యంత్రాంగమే దాన్ని సరిచూసింది. ఫిర్యాదు పట్టుకుని మళ్లీ ఆ గడపకే వెళ్లాల్సి వచ్చింది.

2019లో కొబ్బరి చెట్టుకు పరిహారం 1,500 నుంచి 3,000 రూపాయలకు పెంచారు. పెంచడం మంచిదే, దానికోసం మనమూ అడిగాం. అయితే జాబితాలో పేరే లేనివాడికి రెండింతలు చేసినా సున్నా సున్నాయే. మనం రేటు కోసం గట్టిగా అడిగినంతగా జాబితా కోసం అడగలేదు. ఈ తప్పు మనది కూడా.

జాబితాలో తప్పు డబ్బును మింగుతుంది. భూమి కాగితంలో తప్పు మనుషులనే మింగుతుంది. సోంపేట బీలను మరచిపోగలమా? థర్మల్ ప్లాంటు కోసం దాన్ని పనికిరాని భూమి కింద చూపించారు. అది నీళ్లు, చేపలు, పంట ఇచ్చే తడినేల అని అక్కడి రైతులు, మత్స్యకారులు మొత్తుకున్నారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో మనవాళ్లు ప్రాణాలు కోల్పోయారు. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ ప్లాంటుకు ఇచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. బయటి కన్ను ఒకటి కాగితాన్ని సరిచూసింది, కానీ ఆలస్యంగా చూసింది. ఆ పని ముందే, మన ఊళ్లోనే, గ్రామసభ ముందే జరిగి ఉంటే ఆ ఇళ్లలో దీపాలు ఆరేవి కావు. ఏడాది తిరగకుండానే, 2011 ఫిబ్రవరి 28న, టెక్కలి పక్కనే కాకరాపల్లిలో మళ్లీ కాల్పులు జరిగాయి.

ఇలా సరిచూడటం మనకు కొత్త కాదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ పనులను తనిఖీ చేసే అధికారాన్ని గ్రామసభకు ఇచ్చింది. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సోషల్ ఆడిట్‌కు ప్రత్యేక సొసైటీ ఏర్పడింది. మస్టర్లు పట్టుకుని ఇంటింటికీ వెళ్లి, "అమ్మా, నువ్వు ఇన్ని రోజులు పని చేశావా, ఇంత డబ్బు అందిందా?" అని అడిగారు. తేలిన విషయాన్ని మండలంలో అందరి ముందు చదివారు. చదువురాని కూలి తల్లి లేచి "నాకు అందలేదు" అంటే అది రికార్డుకెక్కింది. ఆ పద్ధతికీ లోపం ఉంది. తప్పు తేలాక డబ్బు వసూలు కాకపోతే, చర్య లేకపోతే, మరుసటిసారి నోరు విప్పేవారు తగ్గిపోతారు.

అందుకే మన సంఘం నాలుగు మాటలు అడుగుతోంది. తుపాను నష్టం, పంట నమోదు, భూసేకరణ, ఏ జాబితా అయినా డబ్బు విడుదలకు ముందే సచివాలయం గోడ మీద, రైతు సేవా కేంద్రంలో అంటించాలి. గ్రామసభలో పేరు పేరునా చదవాలి. సరిచూసే బృందం పక్క మండలం నుంచి రావాలి, అందులో మహిళలు, కౌలు రైతులు ఉండాలి. అభ్యంతరం ఇచ్చిన ప్రతివారికీ రసీదు, గడువులోగా రాతపూర్వక జవాబు ఇవ్వాలి.

ఇవి వచ్చేదాకా చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదు. సమాచార హక్కు దరఖాస్తుకు మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. రాకపోతే పై అధికారికి అప్పీలు చేయవచ్చు. ఒక్కరు అడిగితే ఒత్తిడి పెడతారు, అదే పదిమంది సంతకాలు పెడితే ఆలోచిస్తారు.

చివరిగా ఒక కష్టమైన మాట. జాబితా సరిచూసినప్పుడు మన బంధువు పేరో, మన సంఘం మనిషి పేరో అక్రమంగా కనబడవచ్చు. దాన్ని కూడా చదవాలి. మన లెక్కల పుస్తకం కూడా సభ్యులెవరు అడిగినా తెరిచి చూపాలి. మనవాళ్ల దగ్గర కళ్లు మూసుకుంటే, ఎదుటివారిని అడిగే అర్హత మనకు ఉండదు.

తుపాను మళ్లీ వస్తుంది, ఈ తీరం సంగతి మనకు తెలుసు. అప్పుడు లెక్క రాయడానికి వచ్చినవారి పక్కన మన ఊరి నుంచి ఎవరు నిలబడతారో ఇప్పుడే తేల్చుకుని వెళ్దాం.